సాఫ్ట్‌వేర్‌కు శాసనాధికారం ఎవరిచ్చారు?

డిజిటల్ టెక్నాలజీతో దేశాన్ని అభివృద్ధి చేయడానికి ప్రజాప్రతినిధులు ఏం చేయాలన్న ప్రశ్నకు ఈమధ్య అందరూ ఒకే జవాబు చెబుతున్నారు. సదస్సుల్లో అదే, ప్రారంభోత్సవాల్లో అదే, పత్రికల సంపాదకీయ పేజీల్లోనూ అదే. సభ్యుల చేతికి ట్యాబ్‌లు ఇవ్వాలి, సభను కాగితరహితం చేయాలి, నియోజకవర్గానికో యాప్ పెట్టాలి, ప్రతి సేవనూ ఫోనులోకి తేవాలి. అవినీతి మనుషుల వల్ల వస్తోంది కాబట్టి మధ్యలో మనిషిని తీసేయాలి. టెక్నాలజీ పరుగెత్తుతుంటే చట్టం కాళ్లీడ్చుకుంటూ వస్తోంది కాబట్టి చట్టసభలు పక్కకు జరిగి అధికారులకు, నిపుణులకు దారి ఇవ్వాలి. మిగతాది సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

ఈ జవాబు తప్పు. వినడానికి ఆధునికంగా ఉండటం వల్ల ఎవరూ ఎదురు చెప్పడం లేదు గానీ, దీన్ని నమ్మి మన రాష్ట్రాల్లోనే చట్టాలు చేశారు. ఆ చట్టాల కింద లక్షల మంది రైతులు, కూలీలు, రేషన్ కార్డుదారులు నలిగిపోయారు. కంప్యూటరు పొరపాటు చేసినప్పుడు పౌరుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఎన్ని రోజుల్లో సరిచేయాలి? సరిచేయకపోతే నష్టం ఎవరు భరించాలి? ఈ మూడింటికీ చట్టంలో జవాబు రాయడమే డిజిటల్ కాలంలో శాసనకర్త మొదటి పని. అది ఆయన తప్ప మరొకరు చేయలేని పని. ఆ పని జరిగినచోట టెక్నాలజీ నిజంగానే దేశాన్ని ముందుకు నడిపింది. జరగనిచోట జనం కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు.

ట్యాబ్‌ల సంగతి ముందే ముగిస్తాను. 2014 ఆగస్టులో హిమాచల్ ప్రదేశ్ శాసనసభ దేశంలో మొదటి కాగితరహిత సభ అయింది. జాతీయ ఈ-విధాన్ అప్లికేషన్ 'నేవా'ను 2022 మార్చిలో నాగాలాండ్ అందరికంటే ముందు అమల్లోకి తెచ్చింది. మంచిదే. అచ్చు ఖర్చు తగ్గుతుంది, పాత ప్రశ్నలూ జవాబులూ వెతుక్కోవడం తేలికవుతుంది. కానీ తెర మీదికి వచ్చిన బిల్లును చదవడానికి సభ్యుడికి ఎన్ని రోజులు ఇచ్చారు? 2019 నుంచి 2024 దాకా నడిచిన 17వ లోక్‌సభ కూర్చున్నది 274 రోజులు. పూర్తి కాలం నడిచిన లోక్‌సభల్లో ఇంత తక్కువ రోజులు కూర్చున్నది మరొకటి లేదు. ఆ సభలో పార్లమెంటరీ కమిటీల పరిశీలనకు వెళ్లిన బిల్లులు 16 శాతం. 15వ లోక్‌సభలో 71 శాతం వెళ్లాయి. సభలోకి పరికరాలు ఎక్కువగా వచ్చిన కాలంలోనే బిల్లుల పరిశీలన ఇంతగా పడిపోయింది. కాబట్టి 'డిజిటల్ సభ' అంటే మెరుగైన సభ అని ఎవరైనా అంటే ఒప్పుకోలేను.

అసలు విషయం భూమి దగ్గర ఉంది.

2020 సెప్టెంబరు 9న తెలంగాణ ప్రభుత్వం శాసనసభలో భూమి హక్కులు, పట్టాదారు పాస్‌పుస్తకాల బిల్లు ప్రవేశపెట్టింది. 11న సభ ఆమోదించింది. 1971 నాటి భూమి హక్కుల రికార్డు (ఆర్‌ఓఆర్) చట్టాన్ని తొలగించి, రాష్ట్రంలోని ప్రతి రైతు భూమి రికార్డునూ ఒక పోర్టల్ చేతిలో పెట్టే చట్టానికి అంతకు మించి సమయం దక్కలేదు. సెలక్ట్ కమిటీ లేదు, ముసాయిదాను ముందుగా ఊళ్లలో చర్చకు పెట్టడం లేదు. అక్టోబరు 29న ధరణి పేరుతో ఆ పోర్టల్ మొదలైంది.

ధరణి వల్ల మేలే జరగలేదని నేను చెప్పను. తగాదా లేని భూమిని అమ్మేవాడికీ కొనేవాడికీ అది సుఖంగానే ఉండేది. స్లాట్ బుక్ చేసుకుని తహసీల్దారు కార్యాలయానికి వెళ్తే రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకే పూట అయిపోయేవి. అంతకుముందు మ్యుటేషన్ కోసం నెలల తరబడి తిరిగి, చేతులు తడిపి అలసిపోయిన రైతుకు ఆ మార్పు విలువ తెలుసు. చిక్కంతా రికార్డు తప్పుగా ఉన్న రైతుకు వచ్చింది.

ధరణిలోకి ఎక్కిన సమాచారం 2017 సెప్టెంబరులో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళన నుంచి వచ్చింది. కొన్ని నెలల్లోనే రాష్ట్రంలోని ఊళ్లన్నీ చుట్టబెట్టి, వివాదం లేని భూములను పార్ట్-ఏలో, వివాదం ఉన్నవాటిని పార్ట్-బిలో రాశారు. అంత వేగంలో తప్పులు దొర్లకుండా ఉండవు. పేరులో అక్షరం మారింది, విస్తీర్ణంలో గుంటలు తగ్గాయి, సర్వే నంబరు ఒక ఖాతాకు బదులు మరో ఖాతాలో పడింది, పట్టా భూమి నిషేధిత జాబితాలోకి పోయింది. పాత చట్టం కింద అయితే ఇలాంటివి తహసీల్దారు దగ్గర మొదలై, ఆర్డీవో దగ్గర అప్పీలుకు, ఆపైన జాయింట్ కలెక్టరు దగ్గర రివిజన్‌కు వెళ్లేవి. ఆ మెట్లు అరిగిపోయినవే, అక్కడా లంచాలు ఉండేవి. అయినా అవి మెట్లు. 2020 చట్టం ఆ రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది. అప్పటికే ఉన్న కేసులను ప్రత్యేక ట్రిబ్యునళ్లకు పంపింది. కొత్తగా వచ్చే తప్పు కోసం రైతు ఎక్కడికి వెళ్లాలో చెప్పలేదు. సివిల్ కోర్టు ఉంది కదా అన్నారు. పది గుంటల తేడా సరిచేయించుకోవడానికి సివిల్ దావా వేయగల రైతులు ఎంతమంది ఉంటారు?

చట్టంలో లేనిదాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కటిగా అతికించడం అప్పుడు మొదలైంది. ఫిర్యాదుకు ఒక మాడ్యూల్, నిషేధిత జాబితాకు ఒకటి, పాస్‌పుస్తకంలో తప్పులు దిద్దడానికి టీఎం-33. ఊళ్లలో చదువురాని రైతు కూడా ఆ మాడ్యూల్ నంబరు నోటికి నేర్చుకోవలసి వచ్చింది. తన తప్పుకు తగిన మాడ్యూల్ ఉంటే అతని హక్కు బతికినట్టు, లేకపోతే పోయినట్టు. మాడ్యూల్ ఎప్పుడు పెట్టాలి, అందులో ఏ పత్రాలు అడగాలి, ఏ అధికారి లాగిన్‌కు వెళ్లాలి అన్నవన్నీ పౌరుడి ఆస్తి హక్కును నిర్ణయించే మాటలు. ఇవి శాసనసభలో పుట్టలేదు. జీవోల్లో, సర్క్యులర్లలో, కొన్ని కేవలం తెర మీది మార్పుల్లో పుట్టాయి. దీన్నే నేను సాఫ్ట్‌వేర్‌కు శాసనాధికారం ఇవ్వడం అంటున్నాను.

సాదా బైనామాల వ్యవహారం ఇంకా బాధాకరం. తెల్లకాగితం మీద రాసుకుని ఏళ్ల కిందట భూమి కొని, దున్నుకుంటున్న చిన్న రైతులు లక్షల్లో ఉన్నారు. 2020 అక్టోబరు, నవంబరు నెలల్లో క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిస్తే దాదాపు 9 లక్షలు వచ్చాయి. కానీ ఆ క్రమబద్ధీకరణకు అవకాశం ఇచ్చింది 1971 చట్టం. అది అక్టోబరు 29తో పోయింది. కొత్త చట్టంలో అలాంటి సెక్షన్ లేదు. హైకోర్టు ఆ సంగతే ఎత్తిచూపి, ఆ తేదీ తర్వాత వచ్చిన దరఖాస్తుల మీద ముందుకు వెళ్లవద్దంది. దరఖాస్తు తీసుకోవడానికి పోర్టల్ ఉంది. పరిష్కరించడానికి చట్టం లేదు. ఆ బిల్లు మీద సభలో గట్టిగా ఒక పూట కూర్చుని సెక్షన్ సెక్షన్‌గా చదివి ఉంటే ఈ లోపం ఎవరో ఒక సభ్యుడి కంట పడేది. పల్లె నుంచి వచ్చిన ఎమ్మెల్యేలు ఆ సభలో చాలామందే ఉన్నారు. సాదా బైనామా అంటే ఏమిటో వాళ్లకు ఏ నిపుణుడూ చెప్పనక్కర్లేదు.

తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. 2024 ఆగస్టులో కొత్త ఆర్‌ఓఆర్ బిల్లు ముసాయిదాను ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు తీసుకున్నారు. డిసెంబరులో సభ ఆమోదించింది. 2025 ఏప్రిల్ 14న ఆ చట్టం కింద భూభారతి పోర్టల్ మొదలైంది. అప్పీలు మెట్లు తిరిగి వచ్చాయి. పహాణీలో ఎత్తేసిన అనుభవదారు కాలమ్ తిరిగి వచ్చింది. ఆ జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెడితే 8 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చిపడ్డాయి. దిద్దించుకునే దారి ఉంటే ఎంతమంది దిద్దించుకుందామని ఎదురుచూస్తున్నారో ఆ సంఖ్యే చెబుతోంది. కంప్యూటర్లు 2020లో ఉన్నాయి, 2025లోనూ ఉన్నాయి. తేడా చట్టంలో ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే పాఠం మరో రూపంలో ఎదురైంది. భూ యాజమాన్య హక్కు చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది, 2024 జులైలో కొత్త శాసనసభ దాన్ని రద్దు చేసింది. యాజమాన్యం ఎవరిదో నమోదు అధికారి తేలుస్తాడు, సివిల్ కోర్టుకు దారి ఉండదు అన్న భయం ఊళ్లలో పాకిపోయింది. భూ రికార్డులను ఆధునికం చేయాలన్న ఆలోచన మంచిదే అయినా, పొరపాటు జరిగితే నా గతేమిటి అని రైతు అడిగిన ప్రశ్నకు తృప్తికరమైన జవాబు దొరకకపోవడంతో ఆ మంచి కూడా మట్టిలో కలిసింది.

"చట్టం అడ్డం పడితే టెక్నాలజీ ఆగిపోతుంది, యూపీఐ చూడండి" అంటారు. చూద్దాం. నేనూ ఆ ఉదాహరణే ఎంచుకునేవాణ్ని.

యూపీఐ 2016లో వచ్చింది. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే దాని మీద 2,000 కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. పల్లెలో కూరగాయల బుట్ట దగ్గర కూడా స్కాన్ చేసే కాగితం వేలాడుతోంది. ఇది చట్టం లేకుండా మొలిచిందా? 2007లో పార్లమెంటు చెల్లింపులు, సెటిల్‌మెంట్ వ్యవస్థల చట్టం చేసింది. ఆ పునాది మీద 2008లో జాతీయ చెల్లింపుల సంస్థ, ఎన్‌పీసీఐ, ఏర్పడింది. చట్టం ఇచ్చిన అధికారంతోనే రిజర్వు బ్యాంకు నియమాలు పెట్టింది. 2017 జులైలో ఒకటి: ఖాతాలో మోసం జరిగి, అందులో ఖాతాదారు తప్పూ బ్యాంకు తప్పూ లేకపోతే, 3 పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారు మీద భారం పడకూడదు. 2019 సెప్టెంబరులో మరొకటి: డబ్బు మన ఖాతాలో తెగి అవతలి ఖాతాలో పడకపోతే మర్నాటికల్లా దానంతట అదే వెనక్కి రావాలి, రాకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయలు బ్యాంకు చెల్లించాలి. ఖాతాదారు ఫిర్యాదు చేయనక్కర్లేదు. యంత్రం తప్పు చేస్తుందని ముందే ఒప్పుకుని, ఆ తప్పుకు గడువూ ధరా కట్టారు. ఆ నియమం నంబరు తెలియకపోయినా, పోయిన డబ్బు తిరిగి రావడం జనం చూశారు. అందుకే నమ్మారు.

రెండు వందల రూపాయలు దారి తప్పితే రోజుకు 100 రూపాయల పరిహారం. రెండెకరాల భూమి దారి తప్పితే ఏళ్ల తరబడి మౌనం. ఈ రెండూ ఒకే దేశంలో, ఒకే కాలంలో, ఒకే ఫోనులో జరిగాయి. టెక్నాలజీకి చట్టం అడ్డమనేవారు ఈ తేడాకు కారణం చెప్పాలి.

ఉపాధి హామీ కూలీ సంగతికి వస్తే, చట్టం రాసి ఉన్నా సాఫ్ట్‌వేర్ దాన్ని ఎలా మింగేస్తుందో కనిపిస్తుంది. 2005 చట్టం కింద కూలి 15 రోజుల్లో పడాల్సి ఉండేది. ఆలస్యమైతే 16వ రోజు నుంచి, రావలసిన కూలి మీద రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాల్సి ఉండేది. ఈ పరిహారాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్, స్థానిక అధికారులు చెల్లింపు ఉత్తర్వు మీద సంతకం చేసేదాకా జరిగిన ఆలస్యాన్నే లెక్కించింది. ఆ తర్వాత కేంద్రం నుంచి డబ్బు కదలడానికి పట్టిన రోజులను లెక్కలోకే తీసుకోలేదు. 2018 మేలో సుప్రీంకోర్టు స్వరాజ్ అభియాన్ కేసులో దీన్ని తప్పుపట్టింది. పార్లమెంటు చేసిన చట్టాన్ని పార్లమెంటు సవరించలేదు. ఒక ప్రోగ్రాములోని లెక్క సవరించింది. ఎంతమంది ఎంపీలకు ఆ సంగతి తెలుసు? తమ ఓటుతో పుట్టిన హక్కు తమకు తెలియకుండానే సగమైపోతే సభకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

హాజరు యాప్ కథ అందరూ చూసిందే. 2023 జనవరి 1 నుంచి పని ప్రదేశంలో రోజుకు రెండుసార్లు ఫొటో తీసి ఎక్కించడం తప్పనిసరి అయింది. బోగస్ మస్టర్లు, అంటే దొంగ హాజరు పట్టీలు, పోతాయన్నారు. సిగ్నలు లేని గుట్టల్లో, పని పర్యవేక్షించే మేట్లు ఫోను పైకెత్తి తిరిగారు. ఫొటో ఎక్కకపోతే ఎండలో మట్టి తవ్విన కూలీ గైర్హాజరైనట్టే. చివరికి 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక సర్క్యులర్‌లో ఒప్పుకుంది: పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారని, ఫొటోను ఫొటో తీసి పెడుతున్నారని. విరుగుడుగా పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనూ మనుషులే చూసి సరిచూడాలని ఆదేశించింది. మనిషిని తీసేస్తే అవినీతి పోతుందన్న సిద్ధాంతం అక్కడే కూలిపోయింది. దొంగ ఆ యాప్‌లోనూ దారి వెతుక్కున్నాడు. నిజాయితీగా పనిచేసిన కూలీకే దారి మూసుకుపోయింది.

దీనికి భిన్నమైన నమూనా మన ఇంట్లోనే ఉంది, మనమే మర్చిపోతున్నాం. ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభకు సామాజిక తనిఖీ అధికారం ఇచ్చింది. ఆ ఒక్క సెక్షన్‌ను పట్టుకుని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి దేశానికే దారి చూపింది. పనుల వివరాలు, మస్టర్లు, చెల్లింపులు కంప్యూటర్లో ఉండేవి. వాటిని అచ్చు తీసి, కూలీల కుటుంబాల నుంచే వచ్చిన యువకులు ఇల్లిల్లూ తిరిగి చదివి వినిపించేవారు. "నీ పేరు మీద ఇన్ని రోజులు, ఇంత డబ్బు పడిందంట, అందిందా అక్కా?" అని అడిగేవారు. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక. అధికారుల ముందే, ఊరి వాళ్ల ముందే లెక్క తేలేది. తిన్న డబ్బు కక్కించిన సందర్భాలు ఉన్నాయి, ఉద్యోగాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. 2009లో దీనికోసం స్వతంత్ర సొసైటీయే ఏర్పడింది. అక్కడా కంప్యూటరే పనిచేసింది. కానీ అది పేదవాడి మీద నిఘా పెట్టలేదు, పేదవాడి చేతికి ప్రభుత్వం లెక్క అందించింది. ఆ దిశ నిర్ణయించింది చట్టంలోని సెక్షన్. 2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు మరో చట్టం తెచ్చింది. ఆలస్యపు లెక్క కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇప్పుడైనా సభ్యులు అడగాలి.

రేషన్ కార్డుల గురించి ఎక్కువ చెప్పను. 2016లో తెలంగాణలో దాదాపు 19 లక్షల కార్డులు కంప్యూటర్ లెక్కల ఆధారంగా రద్దయ్యాయని సుప్రీంకోర్టుకు కేసు వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమంది. రద్దుకు ముందు ఇంటి తలుపు తట్టి అడగాలన్న ఒక్క వాక్యం చట్టంలోనో నిబంధనల్లోనో గట్టిగా ఉండి ఉంటే, ఆ కుటుంబాలు న్యాయం కోసం ఆరేళ్లు ఎదురుచూసేవి కావు.

ఇక మిగిలిన వాదన ఒకటి: ఎమ్మెల్యేలకు, ఎంపీలకు సాఫ్ట్‌వేర్ గురించి ఏం తెలుసు, నిపుణులకు వదిలేయడమే మేలు అని. ఈ వాదన నాకు అన్నిటికంటే అభ్యంతరకరం. ఆనకట్ట కట్టే ఇంజినీరింగ్ తెలియదని నీటి పంపకాల మీద మాట్లాడే హక్కు సభ్యుడికి లేకుండా పోతుందా? కోడ్ చదవడం ఆయన పని కాదు. ఆ కోడ్ ఎవరికి ఏమి నిరాకరిస్తోందో అడగడం ఆయన పని. పైగా అవకాశం ఇచ్చినప్పుడు సభ్యులు ఈ పని చేసి చూపించారు. 2010లో వచ్చిన జాతీయ గుర్తింపు సంస్థ బిల్లును యశ్వంత్ సిన్హా నాయకత్వంలోని ఆర్థిక స్థాయీ సంఘం పరిశీలించి, 2011 డిసెంబరులో ఆ రూపంలో ఒప్పుకోలేమని తేల్చిచెప్పింది. అప్పటికే చట్టం లేకుండానే ఆధార్ సంఖ్యలు జారీ అవుతున్నాయి. 2016 దాకా అలాగే జారీ అయ్యాయి. చివరికి చట్టం ద్రవ్య బిల్లుగా వచ్చింది, రాజ్యసభ చెప్పిన సవరణలను లోక్‌సభ అదే రోజు తోసిపుచ్చింది. 2019 చివర్లో వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లు వచ్చినప్పుడు దాన్ని సంయుక్త పార్లమెంటరీ కమిటీకి పంపారు. రెండేళ్లు కూర్చుని ఆ కమిటీ 81 సవరణలు సూచించింది. 2022 ఆగస్టులో ప్రభుత్వం ఆ బిల్లునే ఉపసంహరించుకుంది. మళ్లీ 2023 ఆగస్టు 3న కొత్త బిల్లు ప్రవేశపెట్టి, 9వ తేదీకల్లా రెండు సభల్లోనూ మూజువాణి ఓటుతో ఆమోదింపజేసుకుంది. ఈసారి కమిటీ లేదు. సభ్యులకు తెలివి లేక కాదు, వాళ్లకు సమయం ఇవ్వక ఇలా జరిగింది.

ఆ ఏడు రోజుల తొందరలో సభ్యుల చేతుల మీదుగానే ఒక పెద్ద నష్టం జరిగిపోయింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం 8వ సెక్షన్‌లో, వ్యక్తిగత సమాచారం గురించిన భాగం చివర, ఒక నిబంధన ఉండేది. పార్లమెంటుకు గానీ రాష్ట్ర శాసనసభకు గానీ నిరాకరించడానికి వీలులేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించకూడదని దాని అర్థం. పౌరుణ్ని శాసనకర్త పక్కన సమానంగా కూర్చోబెట్టిన నిబంధన అది. ఆ బిల్లు నుంచి వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 44వ సెక్షన్ దాన్ని తీసేసింది. 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చన్న మరో ఉపసెక్షన్ అలాగే ఉంది కదా అని ప్రభుత్వం అంటోంది. ఉంది. కానీ 'ఇవ్వవచ్చు' అన్నది అధికారి దయ మీద ఆధారపడిన మాట. ఎమ్మెల్యేకు ఇచ్చేది నాకూ ఇవ్వాలి అని పౌరుడు పట్టుబట్టడానికి ఉన్న ఆధారం పోయింది. మస్టర్ రోల్, లబ్ధిదారుల జాబితా, బిల్లు ఎత్తిన కాంట్రాక్టరు పేరు, ఇవన్నీ ఎవరో ఒకరి వ్యక్తిగత సమాచారమే అని ఇక ఏ అధికారి అయినా అనగలడు. పైన చెప్పిన సామాజిక తనిఖీకి ప్రాణం ఆ జాబితాలే.

గోప్యత అక్కర్లేదని నేను అనడం లేదు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది, అది మనందరికీ అవసరమైన తీర్పు. కూలీ ఆధార్ నంబరూ బ్యాంకు ఖాతా నంబరూ బయట పెట్టకూడదు. ఆమె పేరు మీద ఎవరు డబ్బు తిన్నారో దాచకూడదు. ఈ రెండిటినీ వేరు చేసి రాయడం కష్టమేమీ కాదు. దానికి ఒక కమిటీ, కొన్ని వారాలు, బయటివాళ్ల మాట వినే ఓపిక కావాలి.

శాసనకర్తలు చేయవలసింది కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. తీసేసిన ఆ నిబంధనను తిరిగి చేర్చే సవరణను ఏ ఎంపీ అయినా ప్రైవేటు మెంబరు బిల్లుగా తేవచ్చు. ప్రభుత్వ పోర్టల్‌లో హక్కును ప్రభావితం చేసే ప్రతి మార్పునూ నిబంధనతో సమానంగా లెక్కించి సభ ముందు పెట్టాలని, పౌరుడి పేరు జాబితా నుంచి తీసేసే ముందు నోటీసు ఇవ్వాలని, రికార్డు దిద్దడానికి గడువూ ఆలస్యానికి పరిహారమూ ఉండాలని రాష్ట్ర శాసనసభలు చట్టం చేయవచ్చు. ఆలస్యానికి బ్యాంకులు రోజుకు 100 రూపాయలు కట్టగలిగినప్పుడు రెవెన్యూ శాఖ ఎందుకు కట్టలేదు? 2022 ఏప్రిల్‌లో ఆధార్ సంస్థ పనితీరు మీద కాగ్ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. ఒకే మనిషికి రెండేసి సంఖ్యలు జారీ అయిన సంగతి అది బయటపెట్టింది. రాష్ట్రాల పెద్ద పోర్టల్‌ల మీద కూడా అలాంటి తనిఖీ జరగాలని పట్టుబట్టే అధికారం సభ్యులకు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరిలో 'మన మిత్ర' పేరుతో 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. సౌకర్యమే, సంతోషం. వాట్సాప్‌లో తిరస్కరణ వచ్చినవాడికి కారణం రాతపూర్వకంగా అందుతోందా, అప్పీలు ఎవరికి చేసుకోవాలో అదే సందేశంలో ఉంటోందా అని అక్కడి సభ్యులు సభలోనే అడగాలి.

తెలంగాణ సభ్యులు మాత్రం వచ్చే సమావేశాలకు ఒక ప్రశ్న సిద్ధం చేసుకుంటే చాలు. 2025 జూన్ రెవెన్యూ సదస్సుల్లో వచ్చిన దరఖాస్తుల్లో మండలాల వారీగా ఎన్ని పరిష్కారమయ్యాయి, ఎన్ని తిరస్కరించారు, తిరస్కరించిన ప్రతిదానికీ కారణం రాసి రైతుకు ఇచ్చారా, గడువు దాటినవి ఎన్ని, ఆ గడువు దాటించిన అధికారి ఎవరు? జవాబు సభాపతి ముందున్న బల్ల మీదికి వచ్చేదాకా, ప్రతి సమావేశంలోనూ అదే ప్రశ్నకు నోటీసు ఇవ్వాలి.